కారుకు ప్రత్యేక పెర్ఫార్మెన్స్ భాగాన్ని మెషిన్ షాపులో చేయించుకోవడం: కొలత నుంచి బిగింపు దాకా

మెషిన్ షాపుకు తెలిసేది మీరిచ్చిన డ్రాయింగు మాత్రమే. ఆ భాగం కారులో ఎక్కడ కూర్చుంటుందో, ఎంత వేడెక్కుతుందో, దాని ఏ ముఖం గాలి చొరకుండా మూసుకోవాలో కాగితం మీద లేకపోతే, మెషిన్ దగ్గర నిలబడిన మనిషి ఎంత నేర్పరి అయినా తెలుసుకునే దారి లేదు. చేయించిన భాగం కారుకు సరిపోలేదన్న ఫిర్యాదులు చాలావరకు కోతకు ముందు జరిగిన పనిలోనే పుడతాయి. అందుకే ఇక్కడ కొలతలకూ డ్రాయింగుకూ ఎక్కువ చోటు ఇచ్చాను. మెషిన్ నడిపే సంగతి షాపుకే వదిలేశాను.

ఉదాహరణగా ఒక థ్రాటిల్ బాడీ అడాప్టరును తీసుకుందాం. 65 మి.మీ. బోరు (లోపలి గుండ్రటి రంధ్రం) ఉన్న ఇన్‌టేక్ మానిఫోల్డు మీద ఇంజన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించి పెంచే 70 మి.మీ. థ్రాటిల్ బాడీని బిగించడానికి మధ్యలో పెట్టే 30 మి.మీ. మందం అల్యూమినియం దిమ్మె అది. చూడటానికి సులువుగా కనిపించినా, ఇలాంటి పనుల్లో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి.

1. చేయించదగిన భాగమేనా?

మొదట, అదే పని చేసే తయారీ భాగం మార్కెట్లో దొరుకుతుందేమో చూడండి. ఒక్క భాగం కోసం ప్రోగ్రాం రాయడం, దిమ్మెను మెషిన్ మీద బిగించడం, కటర్లు అమర్చడం అన్నీ కొత్తగా చేయాలి కాబట్టి, ఒంటి భాగం ఎప్పుడూ ఖరీదైనదే.

తర్వాత, అది విరిగితే ఏమవుతుందో ఆలోచించండి. అడాప్టరు పగిలితే ఇంజన్ సరిగా నడవదు. బ్రేకు కాలిపర్ బ్రాకెట్, స్టీరింగ్ ఆర్మ్, సస్పెన్షన్ నకిల్, వీల్ హబ్ లాంటివి విరిగితే కారు అదుపు తప్పుతుంది. ఈ రెండో కోవకు చెందిన భాగాల విషయంలో బలాన్ని లెక్కగట్టి ఆకృతిని ఆమోదించే పని మెకానికల్ ఇంజనీరుది. ఆ లెక్క లేకుండా డ్రాయింగును షాపుకు ఇవ్వకండి. «మందంగా ఉంది కాబట్టి తట్టుకుంటుంది» అన్న మాటను నేను బలానికి రుజువుగా తీసుకోను.

మీరున్న చోట వాహన మార్పులకు వర్తించే నిబంధనలనూ, బీమా షరతులనూ, పోటీల్లో నడిపే కారయితే ఆ పోటీ నియమావళినీ ఈ దశలోనే చదవండి.

2. భాగం చేసే పనిని ఒక పేజీలో రాయండి

డ్రాయింగుకు ముందు మామూలు మాటల్లో ఒక పేజీ రాయడం మంచిది. తర్వాత ఏ కొలత బిగుతుగా ఉండాలో, ఏది వదులుగా ఉన్నా పర్వాలేదో ఈ పేజీయే చెబుతుంది.

☐ ఏ భాగానికీ ఏ భాగానికీ మధ్య కూర్చుంటుంది, ఏ ముఖాలు తాకుతాయి
☐ మోయవలసిన బరువు, తట్టుకోవలసిన గాలి లేదా ద్రవ పీడనం, అదురు
☐ అది చేరే గరిష్ఠ ఉష్ణోగ్రత
☐ తగిలే పెట్రోలు, ఆయిలు, కూలెంటు, బ్రేకు ద్రవం, రోడ్డు నీరు
☐ చుట్టూ కదిలే భాగాలు, అవి కదిలే హద్దులు
☐ పానా, సాకెట్ దూరడానికి కావలసిన చోటు, బిగింపు వరుస

చివరి అంశాన్ని చాలామంది మరిచిపోతారు. కంప్యూటర్ తెరమీద బోల్టు దానంతట అదే కూర్చుంటుంది. కారులో దాన్ని బిగించే చేతికి దారి కావాలి.

కదిలే భాగాల అంశం మన అడాప్టరులో ఎంత ముఖ్యమో చూడండి. థ్రాటిల్ ప్లేటు (థ్రాటిల్ బాడీ లోపల షాఫ్టు మీద తిరిగే గుండ్రటి పలక) తెరుచుకున్నప్పుడు దాని సగం మానిఫోల్డు వైపు పొడుచుకు వస్తుంది. 70 మి.మీ. ప్లేటు అంచు, షాఫ్టు నడిమి గీతను కేంద్రంగా చేసుకుని, సుమారు 35 మి.మీ. వ్యాసార్థమున్న గోళాన్ని చుడుతుంది. షాఫ్టు నడిమి గీత థ్రాటిల్ బాడీ ముఖానికి 10 మి.మీ. దూరంలో ఉంటే, ఆ ముఖం దగ్గర ప్లేటుకు దాదాపు 67 మి.మీ. వ్యాసం చోటు కావాలి. అడాప్టరు బోరు అక్కడే 65 మి.మీ.కు కుదించుకుపోతే ప్లేటు అంచు దానికి తగులుతుంది. తెరిచిన స్థితిలోనే ఇరుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకని మొదటి 5 మి.మీ. లోతు వరకు బోరును 70 మి.మీ. వ్యాసంతో నిటారుగా ఉంచి, మిగిలిన 25 మి.మీ.లో నెమ్మదిగా 65కు దించాలి.

3. కొలతలు తీయడం

కావలసిన పనిముట్లు ఇవి: డిజిటల్ వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటరు, డెప్త్ గేజ్, థ్రెడ్ పిచ్ గేజ్, స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్, రంధ్రాల్లో బిగువుగా దూరే కొన్ని గుండ్రటి పిన్నులు.

వెర్నియర్ తెరమీద 0.01 మి.మీ. వరకు అంకెలు కనిపించినా, మామూలు వెర్నియర్ కచ్చితత్వం ±0.02 నుంచి ±0.03 మి.మీ. దాకా ఉంటుంది, చేతి ఒత్తిడి వల్ల వచ్చే తేడా దీనికి అదనం. బేరింగ్ సీటు, ప్రెస్ ఫిట్ (నొక్కి బిగువుగా దూర్చే జోడింపు) వంటి చోట్ల మైక్రోమీటరు, బోర్ గేజ్ తప్పనిసరి. చిన్న రంధ్రాలను వెర్నియర్ లోపలి దవడలతో కొలిస్తే అసలు కన్నా తక్కువ వస్తుంది, ఎందుకంటే ఆ దవడల అంచులు చదునుగా ఉండి రంధ్రపు వంపును సరిగ్గా తాకవు.

రెండు రంధ్రాల మధ్య దూరాన్ని కంటి అంచనాతో «నడిమి నుంచి నడిమికి» కొలవకండి. రెండు రంధ్రాల దూరపు అంచుల మధ్య ఒకసారి, దగ్గరి అంచుల మధ్య ఒకసారి కొలిచి, రెండింటి సగటు తీసుకోండి. రంధ్రాల వ్యాసాలు వేరైనా ఆ సగటే కేంద్రాల మధ్య దూరం. రంధ్రాల్లో పిన్నులు దూర్చి, వాటి బయటి అంచుల మధ్య కొలిచి, రెండు పిన్నుల వ్యాసార్థాల మొత్తాన్ని తీసివేసినా అదే వస్తుంది. నాలుగు రంధ్రాలుంటే నాలుగు పక్కలతో పాటు రెండు కర్ణాలనూ కొలవండి. చదరంగా కనిపించే అమరిక నిజంగా చదరమో కాదో కర్ణాలు చెప్పేస్తాయి.

ముఖం ఆకారం వంకరగా ఉంటే దాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి, పక్కనే స్టీలు స్కేలు పెట్టి స్కాన్ చేయవచ్చు. ఆ బొమ్మను అడ్డంగానూ నిలువుగానూ స్కేలుతో సరిచూసిన తర్వాతే వాడండి. గ్యాస్కెట్ మీద గీసుకుని కొలవడం మాత్రం చివరి మార్గంగా ఉంచుకోండి. వాడిన గ్యాస్కెట్ నలిగి సాగుతుంది, కొత్త గ్యాస్కెట్ రంధ్రాలను తయారీలోనే కాస్త పెద్దవిగా పెడతారు.

మరలనూ, వాటి పిచ్‌నూ (పక్కపక్క చుట్ల మధ్య దూరం) ఊహించవద్దు. ఎం10 (10 మి.మీ. వ్యాసం) బోల్టుల్లో 1.5 పిచ్‌వీ, 1.25 పిచ్‌వీ రెండూ కార్లలో కనిపిస్తాయి. మొదటి రెండు చుట్లు దూరినంత మాత్రాన పిచ్ సరిపోయిందని కాదు.

ప్రతి కొలతనూ వేడి తగ్గిన భాగం మీద, కనీసం మూడుసార్లు తీసి రాసుకోండి. కొలతలకు అంతర్జాతీయ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), ఉక్కు సుమారు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తాయి. అంటే 70 మి.మీ. అల్యూమినియం బోరు 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.13 మి.మీ. పెరుగుతుంది, అదే కొలత ఉక్కు 0.07 మి.మీ. దగ్గర ఆగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బిగువుగా కూర్చున్న ఉక్కు బేరింగు వేడి అల్యూమినియం హౌసింగులో వదులైపోవడానికి కారణం ఇదే.

4. నమూనాతో కారులోనే సరిచూడటం

లోహం కోయించేముందు మూడు కొలతల్లోనూ నిజమైన ఒక నమూనాను కారులో పెట్టి చూడాలి. 3డీ ప్రింటరు అందుబాటులో ఉంటే మేలు; లేకపోతే చెక్కతోనో, పలకలు అతికించిన అట్టతోనో చేసినా పని జరుగుతుంది.

నమూనాను బోల్టులతో వదులుగా బిగించి, బానెట్ మూయండి, థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి మూయండి, గొట్టాలు, కేబుళ్లు వాటి చోటుకు చేరుతున్నాయో చూడండి. బానెట్ కింద ఎంత ఖాళీ మిగిలిందో తెలియాలంటే నమూనా మీద మెత్తటి మట్టిముద్ద పెట్టి బానెట్ మూసి తెరవండి. అణిగిన ముద్ద మందమే ఆ ఖాళీ. ఇంజన్ తన మౌంట్ల మీద ఊగుతుంది కనుక, కదలని భాగాలకు దాని నుంచి 10 మి.మీ. కన్నా ఎక్కువ ఎడం ఉండాలని నేను పట్టుబడతాను.

నమూనాతో ఇంజన్ నడపకండి. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, దాని ముక్క విరిగితే నేరుగా సిలిండరులోకే వెళుతుంది.

5. డ్రాయింగు సిద్ధం చేయడం

షాపుకు రెండు ఫైళ్లు ఇవ్వాలి: స్టెప్ ఫార్మాట్‌లో 3డీ మోడల్, పీడీఎఫ్ రూపంలో కొలతల డ్రాయింగు. మోడల్ ఆకారం చెబుతుంది; టాలరెన్సు (కొలతలో ఒప్పుకునే తేడా), మర, ముఖపు నునుపు, లోహం, పూత వంటివి డ్రాయింగు చెబుతుంది. 3డీ ప్రింటింగుకు వాడే ఎస్‌టీఎల్ ఫైలు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అందులో గుండ్రటి రంధ్రం కూడా చిన్న చిన్న త్రిభుజాల సమూహంగానే ఉంటుంది. రెండింటి మీదా ఒకే రివిజన్ సంఖ్య, తేదీ ఉండాలి. రెండూ విభేదిస్తే దేన్ని పాటించాలో కూడా రాయండి.

5.1 ఆధార ముఖాలు

కొలతలన్నీ ఎక్కడి నుంచి మొదలవుతాయో ముందు నిర్ణయించండి. అడాప్టరులో మానిఫోల్డును తాకే ముఖం మొదటి ఆధారం, బోరు అక్షం రెండోది, ఒక బోల్టు రంధ్రం మూడోది. కారులో భాగాన్ని నిజంగా నిలిపేవి ఏవో అవే డ్రాయింగులోనూ ఆధారాలు కావాలి. కొలతలను గొలుసులా ఒకదాని చివర నుంచి ఇంకొకటి ఇస్తే ప్రతి లంకెలోని తేడా పోగుపడి, చివరి రంధ్రం దగ్గరకు వచ్చేసరికి అన్నీ కలిసి బయటపడతాయి.

5.2 టాలరెన్సులు

ఈ ఒక్క విషయమే భాగం ధరనూ నాణ్యతనూ ఎక్కువగా నిర్ణయిస్తుంది. ప్రతి కొలతకూ ±0.01 పెట్టే డ్రాయింగు చూడగానే, దాన్ని గీసినవారికి ఏ కొలత ముఖ్యమో తెలియదని షాపుకు అర్థమవుతుంది. ఆ మేరకు ధర పెరుగుతుంది, లేదా ఆ అంకెలను ఎవరూ పట్టించుకోరు.

సాధారణ కొలతలకు «ఐఎస్ఓ 2768-ఎం» (సాధారణ టాలరెన్సుల అంతర్జాతీయ ప్రమాణం) అని ఒక్క మాట రాస్తే చాలు. దాని ప్రకారం 6 నుంచి 30 మి.మీ. వరకు ±0.2, 30 నుంచి 120 మి.మీ. వరకు ±0.3 మి.మీ. తేడా ఒప్పుకోవచ్చు. బయటి అంచులకూ మందానికీ ఇది ధారాళంగా సరిపోతుంది.

మిగిలిన కొద్ది ముఖ్యమైన కొలతలకు విడిగా టాలరెన్సు ఇవ్వండి. ఒక భాగంలోకి మరొకటి జారుతూ కూర్చోవాలంటే రంధ్రానికి హెచ్7, లోపలి భాగానికి జీ6 అనే ప్రామాణిక టాలరెన్సు గుర్తులు రాయడం వాడుక. 70 మి.మీ. వ్యాసానికి హెచ్7 అంటే 70.000 నుంచి 70.030 వరకు, జీ6 అంటే 69.971 నుంచి 69.990 వరకు, అంటే రెండింటి మధ్య ఖాళీ 0.010 నుంచి 0.059 మి.మీ. దాకా ఉంటుంది.

బోల్టు రంధ్రాల లెక్క వేరు. ఎం8 బోల్టుకు మధ్యరకం క్లియరెన్సు రంధ్రం (బోల్టు తేలిగ్గా దూరేది) 9 మి.మీ., ఎం6కు 6.6, ఎం10కు 11. బోల్టుకు ఒకవైపు మర, రెండోవైపు 9 మి.మీ. రంధ్రం ఉంటే, మొత్తం 1 మి.మీ. ఖాళీని రెండు భాగాలూ పంచుకోవాలి కాబట్టి, ఒక్కో రంధ్రం స్థానానికి 0.5 మి.మీ. వ్యాసం మేర టాలరెన్సు ఇవ్వవచ్చు. ఇంత ఖాళీ ఉన్న బోల్టులు భాగాన్ని అదిమి పట్టగలవే తప్ప కచ్చితమైన చోట నిలపలేవు. బోర్లు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవాలంటే స్థానాన్ని నిలిపే రెండు డోవెల్ పిన్నులో, గుండ్రటి గట్టో పెట్టాలి.

5.3 మరలు

అల్యూమినియంలో మర పట్టే లోతు బోల్టు వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. ఉక్కులో దాదాపు ఒక రెట్టు చాలు. ఎం6 × 1.0కు 5.0 మి.మీ., ఎం8 × 1.25కు 6.8 మి.మీ. డ్రిల్లు వాడతారు. అడుగు మూసి ఉన్న రంధ్రమైతే ట్యాపు (మర కోసే పనిముట్టు) కొనకూ లోహపు చిప్పులకూ చోటుండేలా, మర లోతు కన్నా డ్రిల్లు లోతు నాలుగైదు పిచ్‌లు ఎక్కువ ఇవ్వండి. తరచూ విప్పి బిగించే చోట్ల స్టీలు థ్రెడ్ ఇన్సర్టులు వేయమని రాయండి.

ఎం8 అలెన్ బోల్టు తల 13 మి.మీ. వ్యాసం, 8 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఆ తల థ్రాటిల్ బాడీ ఫ్లాంజి కిందకు వస్తే 15 మి.మీ. వ్యాసం, 9 మి.మీ. లోతు గుంట తీయించాలి. గుంట తీశాక కింద మిగిలే లోహం మందాన్ని కూడా చూసుకోవాలి. మర రంధ్రం పొరపాటున గాలి బోరులోకి చీల్చుకుపోతే లీకు మొదలవుతుంది. వాటి మధ్య కనీసం 3 మి.మీ. గోడ ఉంచండి.

5.4 మూలలు, గోడలు

మిల్లింగ్ కటర్ గుండ్రంగా తిరుగుతుంది కనుక జేబులాంటి గుంట లోపలి నిలువు మూలలు ఎప్పటికీ చదరంగా రావు. మూల వ్యాసార్థాన్ని గుంట లోతులో ఆరో వంతుకు తగ్గకుండా ఇస్తే, మరీ పొడవైన సన్నటి కటర్ అవసరం రాదు. బరువు మోసే భాగాల్లో ఈ గుండ్రదనం మరీ అవసరం: పదునైన లోపలి మూల దగ్గరే పగులు మొదలవుతుంది. బయటి అంచులన్నిటికీ «0.5 మి.మీ. ఛాంఫర్, బర్రులు తీయాలి» అని రాయండి. అంచును ఏటవాలుగా కోయడం ఛాంఫర్, కోత తర్వాత అంచున మిగిలే పదునైన లోహపు పొట్టు బర్రు.

5.5 ముఖాలు

గ్యాస్కెట్ కూర్చునే ముఖానికి నునుపు ఆర్ఏ (ముఖపు సగటు గరుకుదనం, మైక్రాన్లలో) 1.6, సమతలం 0.05 మి.మీ. అని రాయవచ్చు. మిగిలిన ముఖాలకు ఆర్ఏ 3.2 చాలు. ఓ-రింగు వాడితే గాడి కొలతలను ఆ రింగు తయారీదారు పట్టిక నుంచే తీసుకోండి. కదలని జోడింపుల్లో రింగు మందంలో 15 నుంచి 30 శాతం నలగడం మామూలు.

డ్రాయింగు పంపేముందు:

☐ లోహం పేరు, దాని హీట్ ట్రీట్‌మెంటు స్థితి రాశాను
☐ ఆధార ముఖాలు గుర్తించాను
☐ బిగుతు టాలరెన్సు ప్రతిదానికీ కారణం చెప్పగలను
☐ ప్రతి మరకూ వ్యాసం, పిచ్, లోతు ఉన్నాయి
☐ కొలతలు పూతకు ముందువో తర్వాతవో రాశాను
☐ కాగితం మీద అసలు సైజులో ముద్రించి కారు భాగం మీద పెట్టి చూశాను

6. లోహం ఎంచుకోవడం

6061-టీ6 అల్యూమినియం కోతకు అనుకూలం, తుప్పును తట్టుకుంటుంది, వెల్డింగుకూ లొంగుతుంది. దాని ఈల్డ్ బలం (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) సుమారు 276 మెగాపాస్కల్. వెల్డు చేసిన చోట మాత్రం ఆ బలం బాగా తగ్గుతుంది. దిమ్మెలో ఎక్కువ లోహాన్ని తొలగించాల్సి ఉంటే టీ651 పలక అడగండి. లోపలి ఒత్తిళ్లు పోయేలా దాన్ని తయారీలోనే సాగదీస్తారు కనుక కోత తర్వాత వంకర తిరగడం తక్కువ. మన అడాప్టరుకు ఇదే తగినది.

7075-టీ6 ఈల్డ్ బలం సుమారు 503 మెగాపాస్కల్. ఇది ఎక్కడైనా మేలేనని చాలామంది అనుకుంటారు. కానీ రెండింటి బిరుసుదనం (బరువుకు వంగకుండా నిలిచే గుణం) దాదాపు సమానం. ఒక బ్రాకెట్ బరువుకు ఊగుతోందంటే 7075తో చేయించినా అంతే ఊగుతుంది. మందమో ఆకారమో మార్చాలి. పైగా 7075 మామూలు వెల్డింగుకు పనికిరాదు, తుప్పును తట్టుకోవడంలోనూ 6061 కన్నా వెనుకే.

షాఫ్టులు, స్టడ్లు, బలమైన బ్రాకెట్లకు 4140 లేదా 4340 తరహా అల్లాయ్ స్టీలు వాడతారు. వీటికి దాదాపు సమానమైన గ్రేడ్లను కొన్ని చోట్ల ఈఎన్19, ఈఎన్24 అంటారు. ఉక్కు బిరుసుదనం అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు. అల్యూమినియానికి ఉక్కులా స్పష్టమైన అలసట హద్దు లేదు, అంటే చిన్న బరువే అయినా కోట్లసార్లు పడితే ఎప్పటికో పగులు రావచ్చు. ఆ తేడాను బ్రేకు, సస్పెన్షన్ భాగాల లెక్కలో ఇంజనీరు చూసుకోవాలి.

విరిగితే ప్రాణాపాయమున్న భాగానికి లోహపు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. షాపులో మూల పడి ఉన్న దిమ్మె ఏ గ్రేడుదో చూపుతో ఎవరూ చెప్పలేరు.

7. పూతకు చోటు ఉంచడం

అల్యూమినియం మీద విద్యుత్తుతో పెంచే హార్డ్ అనోడైజింగ్ పొర మందం సాధారణంగా 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అందులో సగం లోహం పైకి పెరుగుతుంది. ఒక్కో ముఖం 0.025 మి.మీ. పెరిగితే బోరు వ్యాసం 0.05 మి.మీ. తగ్గుతుంది. 60 డిగ్రీల కోణంలో కోసిన మరల్లో ప్రభావం ఇంకా ఎక్కువ: పిచ్ వ్యాసం ఆ పెరుగుదలకు నాలుగు రెట్లు, అంటే 0.1 మి.మీ. మారుతుంది. కనుక మరలనూ బిగుతు బోర్లనూ పూత సమయంలో మూసి ఉంచమని డ్రాయింగు మీదే రాయాలి.

అధిక బలమున్న ఉక్కుకు ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే హైడ్రోజన్ లోహంలోకి చేరి, కొన్నాళ్లకు హఠాత్తుగా విరిగేలా పెళుసు చేయగలదు. ప్లేటింగ్ అయిన వెంటనే సుమారు 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చడం దీనికి విరుగుడు. ఆ పని చేస్తామని ప్లేటింగ్ వాళ్లు రాసివ్వకపోతే, అలాంటి భాగానికి వేరే పూత చూసుకోండి.

8. షాపును ఎంచుకుని మాట్లాడటం

గుండ్రటి బుష్‌లు, స్పేసర్లు, పుల్లీలకు మంచి లేత్ వర్క్స్ చాలు. వంపులు, గుంటలు, అనేక రంధ్రాలున్న భాగానికి కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మిల్లింగ్ ఉన్న షాపు కావాలి. సిలిండర్ బోరింగ్, హెడ్ ముఖాల కోత, క్రాంక్ బ్యాలెన్సింగ్ వంటివి ఇంజన్ పనులకే ప్రత్యేకించిన షాపుకు ఇవ్వండి.

వెళ్లేటప్పుడు డ్రాయింగుతో పాటు నమూనానూ, భాగం కూర్చునే అసలు భాగాలనూ పట్టుకెళ్లండి. మీరు రాసుకున్న ఒక పేజీ వివరణను కూడా చూపించండి. మంచి మెషినిస్టు దాన్ని చదివి, «ఈ మూల వ్యాసార్థం కొంచెం పెంచితే ఒకే కటర్‌తో అయిపోతుంది» అనో, «ఈ ముఖాన్ని ఇలా తిప్పితే ఒక్క బిగింపులో బోరూ రంధ్రాలూ రెండూ వస్తాయి» అనో చెబుతాడు. అలాంటి సలహాలు భాగం పనికి అడ్డం రాకపోతే ఒప్పుకుని, డ్రాయింగును మార్చి, కొత్త రివిజన్ ఇవ్వండి. నోటిమాటగా ఒప్పుకున్న మార్పు మెషిన్ దగ్గరికి వెళ్లేసరికి మాయమైపోతుంది.

అడగవలసినవి:

☐ ఈ టాలరెన్సులను మీరు దేనితో కొలుస్తారు?
☐ బోరు, ముఖం, రంధ్రాలు ఒకే బిగింపులో చేస్తారా?
☐ హీట్ ట్రీట్‌మెంటు, పూత ఎవరి బాధ్యత?
☐ కొలత తప్పితే మళ్లీ చేసిస్తారా, లోహం ఎవరిది?
☐ నా డ్రాయింగును నా అనుమతి లేకుండా ఇతరులకు వాడకుండా ఉంటారా?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే నేను షాపును అంచనా వేస్తాను. 0.03 మి.మీ. టాలరెన్సు ఉన్న బోరును వెర్నియర్‌తో చూస్తామని చెబితే ఆ పని అక్కడ ఇవ్వకపోవడమే మంచిది.

9. కొటేషన్, ఆర్డరు

కొటేషన్‌లో లోహం, ప్రోగ్రామింగ్, సెటప్, కోత, పూత, తనిఖీ విడివిడిగా ఉండేలా చూసుకోండి. ఒకటి, రెండు, ఐదు భాగాలకు ధర విడిగా అడగండి. సెటప్ ఖర్చు ఒకసారే పడుతుంది కనుక రెండోది చాలా తక్కువకు రావచ్చు, అది చేతిలో ఉంటే బిగింపులో తేడా వచ్చినా పని ఆగదు. అయితే మొదటిదాన్ని మీరు సరిచూసి ఒప్పుకున్నాకే మిగిలినవి కోయాలని ఆర్డరులో రాయండి. పూతకు పంపేముందు కూడా అలాంటి ఒక ఆగింపు పెట్టుకోండి, పూత తర్వాత సవరణ దాదాపు అసాధ్యం.

10. చేతికి వచ్చిన భాగాన్ని తనిఖీ చేయడం

భాగాన్ని కడిగి, గది ఉష్ణోగ్రతకు రానిచ్చి, డ్రాయింగు ముద్రణ మీద ప్రతి కొలత పక్కనా అసలు కొలతను రాయండి. గ్యాస్కెట్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, 0.05 మి.మీ. ఫీలర్ ఎక్కడా దూరకుండా ఉందో చూడండి. ప్రతి మరలోనూ కొత్త బోల్టును చేత్తోనే చివరిదాకా తిప్పండి. బోల్టు రంధ్రాల లోపల, అడ్డంగా కలిసే రంధ్రాల కూడలిలో బర్రులు మిగిలాయేమో లైటు వేసి చూడండి. గాలి దారిలోని ఒక బర్రు, ఊడి ఇంజన్‌లో పడటానికి సిద్ధంగా ఉన్నట్టే లెక్క.

బరువు మోసే ఉక్కు భాగాలకు మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష, అల్యూమినియం భాగాలకు డై పెనెట్రంట్ పరీక్ష చేయిస్తే కంటికి కనిపించని పగుళ్లు బయటపడతాయి.

11. తేడా వస్తే ఏం చేయాలి

బోరు చిన్నదైతే మళ్లీ కోయవచ్చు. బిగింపులో అసలు అక్షం దొరికేలా డయల్ ఇండికేటరుతో సరిచూసి కోయమనండి.

బోరు పెద్దదైతే, భాగం ప్రాణాపాయానికి సంబంధించనిదైతే స్లీవు దించవచ్చు. లేకపోతే కొత్తది చేయించడమే దారి.

రంధ్రం పక్కకు పోతే రంధ్రాన్ని ఫైలుతో సాగదీయడం అందరికీ ముందు తోచే పని. అడాప్టరులో అర మి.మీ. వరకు అది నడుస్తుంది. బ్రేకు బ్రాకెట్‌లో, వీల్ స్పేసరులో అసలు చేయకూడదు.

మర చెడితే థ్రెడ్ ఇన్సర్టు వేయించండి. చుట్టూ గోడ మందం సరిపోతే అది అసలు అల్యూమినియం మరకన్నా గట్టిగానే ఉంటుంది.

ముఖం వంకర తిరిగితే, కోత తర్వాత లోపలి ఒత్తిడి విడుదలైందని అర్థం. మందంలో మిగులు ఉంటే రెండు ముఖాలనూ తేలిగ్గా మళ్లీ కోయించండి. కొత్తది చేయించేటప్పుడు రెండు వైపులా ముతకగా కోసి, బిగింపు వదిలి, ఆ తర్వాత తుది కోత వేయమని కోరండి.

కొలతలన్నీ డ్రాయింగు ప్రకారమే ఉండి, కారుకు మాత్రం సరిపోకపోతే, షాపుతో వాదించకుండా మూడో అంచెకు తిరిగి వెళ్లి మళ్లీ కొలవండి.

12. బిగింపు, తొలి పరుగు

ముందు గ్యాస్కెట్ లేకుండా పొడిగా అమర్చి, బోల్టులన్నీ చేత్తో మొదలయ్యాయో చూడండి. ఒక్క బోల్టునైనా పానాతో బలవంతంగా మొదలుపెట్టవలసి వస్తే అక్కడే ఆగండి. తర్వాత గ్యాస్కెట్ వేసి, ఎదురెదురు బోల్టులను రెండు మూడు విడతల్లో టార్క్ రెంచితో బిగించండి. మర అల్యూమినియంలో ఉంటే బోల్టు గ్రేడుకు రాసి ఉన్న పూర్తి టార్క్ దానికి ఎక్కువ కావచ్చు. నూనె రాసిన మరకు పొడి మరకు చెప్పిన టార్క్ ఇస్తే బిగింపు శక్తి అతిగా పెరుగుతుంది. బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి భాగం మీదకు పెయింట్ మార్కరుతో గీత గీయండి.

ఇంజన్ ఆపి ఉంచి యాక్సిలరేటరు పెడల్‌ను పూర్తిగా నొక్కి వదలండి. థ్రాటిల్ ఎక్కడా తగలకుండా తెరుచుకుని, తనంతట తానే మూసుకోవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి పరీక్షించండి. ఆ తర్వాత ఇంజన్ నడిపి, ఐడిల్ నిలకడగా ఉందో, జోడింపుల దగ్గర గాలి ఈల వినిపిస్తుందో గమనించండి.

ఇంజన్ పూర్తిగా వేడెక్కి, మళ్లీ పూర్తిగా చల్లారాక పెయింట్ గీతలు కలిసే ఉన్నాయో చూసి, టార్క్ మరోసారి సరిచూడండి. ఇలా రెండు మూడు వేడి, చల్లదనపు విడతలు గడిచాక ఒకసారి విప్పి, గ్యాస్కెట్ మీద నొక్కుడు అంతటా సమంగా ఉందో, ప్లేటు అంచు తగిలిన మెరుపు మరక బోరులో ఎక్కడైనా ఉందో చూడండి. ఏదైనా కొలతను మార్చవలసి వస్తే ముందు డ్రాయింగులో దిద్ది, రివిజన్ సంఖ్య పెంచి, పాత ప్రతిని రద్దు చేయమని చెబుతూ కొత్తదాన్ని షాపుకు పంపండి.